పిట్ట ముట్టిన కన్ను

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా రెండు కళ్ల మీద ఒట్టు. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగతా సగం ఎండలో ఆరబెట్టి, అప్పుడు నమ్మాలని మా ఇంట్లోవాళ్లు అంటుంటారు. షార్జా రోడ్డు మీద ఒంటె నన్ను లిఫ్ట్ అడిగిన కథ నాదే, ఒప్పుకుంటాను. అది వేరు. ఇది కంటికి సంబంధించిన సంగతి. కళ్ల మీద ఒట్టేసి కంటి గురించి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

ఎనభైల మొదట్లో నేను దుబాయ్‌లో ఉన్నాను. అల్ ఖూజ్‌లో అప్పటికింకా రోడ్డు కంటే ఇసుకే ఎక్కువ. ఆ ఇసుకలో ఒక రేకుల గోడౌను మాది. దేశాలు మారే దొరల ఇంటిసామాను ఓడల్లో వస్తుంది, ఓడల్లో పోతుంది. దాన్ని విప్పడం, మళ్లీ కట్టడం మా కంపెనీ పని. నేను గోదావరి జిల్లా వడ్రంగిని. పెట్టెలకు చెక్కలు కోసి మేకులు కొట్టేవాణ్ణి. గాజుసామాను, గడియారాలు, బొమ్మలు, పగిలేవి ఏవైనా సరే చుట్టిపెట్టడంలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మనిషిని మించినవాడు లేడు. మాలో వయసులో పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మూడోవాడు నిజామాబాద్ మనిషి, అందరికీ బావ. పనికంటే పచ్చీసు మీద ధ్యాస ఎక్కువ. ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో గళ్లు గీసి, మధ్యాహ్నం అన్నాలు కాగానే గవ్వలు గిలకరించేవాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఏడు గవ్వల్లో సగం ఎక్కడో పారేసుకుని, జుమేరా ఒడ్డున ఏరుకున్నవి వాటిలో కలిపాడు. ఒకటి కొంచెం పసుపు, ఒకటి తెలుపు, ఒకటి కాస్త అరిగింది. గవ్వలన్నీ ఒక ఎర్రగుడ్డ సంచిలో ఉండేవి.

అంతకు ముందు ఏడు అన్న వాళ్ల నాన్న పోయాడు. టెలిగ్రాం చేతికి వచ్చేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. ముందే వచ్చినా చేసేదేమీ లేదు. పాస్‌పోర్టులు ముదీర్ బీరువాలో ఉండేవి. ముదీర్ అంటే మా మేనేజరు. కాంట్రాక్టు మధ్యలో ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు.

అన్న ఆ దుఃఖాన్ని మింగేశాడు. మింగుడుపడనిది మరొకటి ఉంది. వాళ్ల వైపు మనిషి పోయాక, అతనికి ఇష్టమైనవి వండిపెట్టి పిట్ట కోసం కాచుకుంటారు. కాకో మరోటో వచ్చి ముద్ద ముట్టిందంటే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్న నాన్నకు పెట్టిన ముద్దను పొద్దుగూకేదాకా ఒక్క పిట్టా ముట్టలేదట. ఆ ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడొకడు అన్నం తింటూ నోరుజారి ఆ సంగతి చెప్పేశాడు. "పెద్దకొడుకు రాలే, అందుకే ముట్టలే అని ఊరంత అనుకున్నరు" అన్నాడు. అన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అప్పట్నుంచి అతనికి నిలకడ లేదు. గోడౌనులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుండేవాడు. పైకప్పు మీద ఏ పిచ్చుక అరిచినా తలెత్తి చూసేవాడు. సంవత్సరీకం తన చేతుల మీదుగా జరగాలి, తను పెట్టిన ముద్ద పిట్ట ముట్టాలి. ఆ ఏడంతా అతను బతికింది దానికోసమే. ముదీర్ చివరికి సెలవు ఇచ్చాడు, మంగళవారం ఫ్లైటుకు టికెట్టు తీశాడు. తీస్తూ వేలు చూపించి హిందీలో అన్నాడు: "ఏక్ భీ కంప్లైంట్ ఆయా, ఛుట్టీ ఖలాస్." అంటే ఒక్క ఫిర్యాదు వచ్చినా సెలవు లేదు.

ఆ పెట్టె వచ్చింది సరిగ్గా ఆ వారమే.

ఒక తెల్లదొర కుటుంబం సామాను అది. ఆస్ట్రేలియా పైన ఉండే న్యూగినీ అనే పెద్ద దీవిలో, గనుల్లో పనిచేసి వచ్చిన కుటుంబం. ఒక పెట్టె ఓడలో తడిసి చెక్క ఉబ్బింది. విప్పి, ఆరబెట్టి, కొత్త పెట్టెలో కట్టి శనివారం వాళ్లింటికి చేర్చాలి. నేను మూత పీకాను. పక్కనే బావ ఆట జోరు మీదున్నాడు. గడ్డి కింద చెట్టు బెరడుతో చేసిన గుడ్డ మూట తగిలింది. అన్న దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, బల్ల మీద పెట్టి విప్పాడు.

లోపల ఒక మనిషి ముఖం ఉంది.

బొమ్మ కాదు. పుర్రె మీద మన్ను మెత్తి, ముక్కు, పెదవులు, చెంపలు తీర్చిన ముఖం. ఎర్రమన్ను మీద తెల్లగా అలలు అలలుగా గీతలు. నెత్తిన నిజం వెంట్రుకలు. కళ్లున్నచోట రెండు గవ్వలు, చీలిక బయటికి పెట్టి. దాంతో ఆ మనిషి భోజనం చేసి కునుకు తీస్తూ, మన మాటలన్నీ వింటున్నట్టు ఉన్నాడు. పంటివరస మాత్రం మన్ను కింద నుంచి తెల్లగా, నిజంగా కనపడుతోంది.

అన్న "అమ్మో" అని వెనక్కి తగ్గాడు. మూట బల్ల మీద దొర్లింది. అది తగిలి, బల్ల చివరనున్న పచ్చీసు పలక ఎగిరి కిందపడింది. బావ దేవుడి పేర్లన్నీ ఒకేసారి పిలుస్తూ నేల మీది గవ్వలన్నీ దోసిట్లోకి ఊడ్చుకుని బయటికి పరుగెత్తాడు. మేం తేరుకుని చూసేసరికి ముఖానికి ఒక కన్నే ఉంది. రెండో కన్ను ఉండాల్సిన చోట మన్ను గుంట.

బల్ల కింద వెతికాం, గడ్డి దులిపాం. అన్నకు ముందు తట్టింది. "తమ్మీ, బావ సంచి సూడు" అన్నాడు.

బావ పంపు దగ్గర కూర్చుని ఉన్నాడు. బక్కెట్లో పసుపునీళ్లు, అందులో గవ్వలు.

"ఏం చేస్తున్నవు బావా?" అన్నాడు అన్న.

"పుర్రె తగిలె గద. మైల పడ్డయి. పసుపుతోని కడిగి, బట్టతోని రుద్దిన. ఇంగ ఫికర్ లేదు."

"ఎన్నున్నయి?"

బావ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "ఎనిమిది" అన్నాడు. ఆటకు కావలసినవి ఏడే.

ఆ ముఖం తాలూకు కన్ను ఆ ఎనిమిదిలో ఉంది. కడగకుండా ఉంటే వెనకాల అంటిన ఎర్రమన్ను చూసి చిన్నపిల్లాడైనా చెప్పేవాడు. మన మడి ఆ మన్నును శుభ్రంగా తోమేసింది. బావ దగ్గరున్నవే కలగాపులగం గవ్వలు, అందులో ఏది తనదో వాడికే తెలీదు. ముఖానికి మిగిలిన కంటితో పోల్చి చూశాం. నాలుగు అలాగే ఉన్నాయి, మిగతా నాలుగూ ఇంచుమించు అలాగే ఉన్నాయి.

"ఏదో ఒకటి అతికించేద్దాం అన్నా. ఎవడు చూడొచ్చాడు? ఆయ్, నేను అతికిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు" అన్నాను.

"నువ్వు ఆయ్ ఆయ్ అనుకుంట అతికిస్తవు. నా టికెట్టు చింపేది ముదీరు" అన్నాడు అన్న.

మర్నాడు సాయంత్రం ముదీర్ ఆ మేడమ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న బెరడుగుడ్డను సగం కప్పి, మంచి కన్ను మాత్రం కనపడేలా తిప్పిపెట్టాడు. నేను పదో తరగతి దాకా చదివాను గనక ఇంగ్లీషు నా మెడకు పడింది.

"మా పెద్దాయన క్షేమంగా వచ్చాడా?" అని అడిగిందామె. మేము బిక్కమొహాలు వేస్తే నవ్వి, నిదానంగా చెప్పింది. వాళ్లున్న నది ఒడ్డున పల్లెల్లో ఒక పెద్దమనిషి పోతే, కొంతకాలమయ్యాక తల మాత్రం తెస్తారు. బతికున్నప్పుడు ముఖం ఎలా ఉండేదో గుర్తుతెచ్చుకుని మన్నుతో అలాగే తీరుస్తారు. గవ్వల కళ్లు పెడతారు. మగవాళ్లు కూడే పెద్ద ఇంట్లో ఉంచుతారు. పండగలకు బయటికి తెచ్చి రంగులు దిద్దుతారు. మన్ను బీటలిస్తే మళ్లీ మెత్తుతారు. ఆయన వాళ్ల మధ్యే ఉన్నట్టు లెక్క. "ఈయన నాకు తెలిసిన ఒకతని తండ్రి" అంది.

నేను తెలుగులో చెప్పాను. అన్న ఆ ముఖం మీద నుంచి కళ్లు తిప్పకుండా అడిగాడు.

"తమ్మీ, కొడుకు ఎందుకిచ్చిండో అడుగు."

అడిగాను. పడవకు పెట్టే మోటారు ఇంజను ఒకటిచ్చి తీసుకున్నామని ఆమె చెప్పింది. చెప్పి నేలకేసి చూసింది. "అతను పడవ దాకా వచ్చాడు. తండ్రిని నా చేతికిచ్చి ఇటు తిరగకుండానే వెళ్లిపోయాడు" అంది.

ఆమె పోయాక బావ నవ్వాపుకోలేకపోయాడు. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని అక్కడ కఫీలు అంటారు. "ఈయనకు గూడ కఫీలు ఉన్నడు. పాసుపోర్టు లేదు, ఇంటికి పోయే మాట లేదు. మనోడే."

అన్న నవ్వలేదు. "నీ నోరు బంద్ చెయ్యి. ఆయన బిడ్డలు ఆ కండ్లల్లనే చూసుకున్నరు. ఎవని కన్నో పెట్టి పంపుతే ఆయన ఎవ్వరిని గుర్తుపడ్తడు?" అన్నాడు. ముదీర్ భయం అలాగే ఉంది. దానికి ఈ కొత్త భయం తోడైంది. మర్నాడు పని చేస్తూ నాలుగుసార్లు సుత్తి వదిలేసి, ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే అన్న నన్ను లేపి, "అన్నం వండు తమ్మీ. పిట్టనడుగుదం" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బావకు వెంటనే అర్థమైంది, వాడు తల గోక్కున్నాడు. "అన్నా, మన పిట్టకు న్యూగినీ ఎట్ల తెలుస్తది?"

"సచ్చినోళ్లకు దేశం ఉంటదా? పిట్టకు ఉంటదా?"

గోడౌను వెనక ఖాళీ స్థలంలో పెయింటు డబ్బాల మూతలు ఎనిమిది కడిగి పరిచాం. ఒక్కో మూతలో ఒక్కో అన్నం ముద్ద, పక్కన ఒక్కో గవ్వ. పిట్ట మొదట ఏ ముద్ద ముడితే ఆ గవ్వే కన్ను. ఆయనకేది ఇష్టమో తెలీదు గదా. నది ఒడ్డువాడు కాబట్టి చేపలు తినే ఉంటాడని డబ్బా చేపలు తెరిచి ముద్దల మీద పెట్టాను. వాళ్ల వైపయితే కల్లు పెడతారు. కల్లెక్కడ దొరుకుతుంది? లబన్ అనే మజ్జిగ సీసా ఒకటి కొట్లో తెచ్చి ఒలికించాం. పెద్దాయన్ని తలుపు నీడలో చెక్క మీద కూర్చోబెట్టాం. ఒంటికన్నుతో ఆయన, రెండేసి కళ్లతో మేము ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాం.

పిట్ట రాలేదు.

ఎండ మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి నెత్తికి ఎక్కింది. చేపల వాసనకు పిల్లులొచ్చాయి. బావ చెప్పు విసిరాడు. ఈగలొచ్చాయి. దూరంగా విమానమొకటి లేస్తే అన్న తలెత్తి, అది కనపడనంతదూరం పోయేదాకా చూశాడు. ముద్దలు ఎండి పైన పెచ్చుకట్టాయి. అన్న లేచి నడవడం మొదలెట్టాడు, గోడ దాకా పోతాడు, మళ్లీ వస్తాడు. ముఖం నల్లబడింది.

"గిట్లనే అయ్యింది మా బాపుకు" అన్నాడు. "కొడుకు లేడు గద. ఈయన కొడుకు గూడ ఇక్కడ లేడు. ఎట్ల ముడ్తది?"

వాళ్ల వైపు పిట్ట రాకపోతే అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినవాడికి మాటిస్తారు. నీ బర్రెను అమ్మం, నీ చిన్నబిడ్డ పెండ్లి చేస్తం అని. అన్న ముందుకెళ్లి మూతల దగ్గర నిలబడ్డాడు. ఏ మాటివ్వాలో తోచలేదు పాపం. చివరికి చేతులు జోడించి, "నేను పోతున్న బాపూ. మంగళారం పోతున్న. గీ ఒక్కసారి ఎవ్వరు నన్ను ఆపకుండ చూడు" అన్నాడు. ఎవరి తండ్రితో అంటున్నాడో నాకు తెలిసింది.

బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "నీకు అబద్ధాలు బాగొస్తయి గద. పో, న్యూగినీ కొడుకు తరఫున నువ్వు చెప్పు."

వెళ్లాను. ఆ కొడుకు భాష రాదు గనక గోదావరి భాషలోనే చెప్పాను. "నాన్నారండీ, తప్పయిపోయిందండి. ఆ ఇంజను వెనక్కిచ్చేత్తానండి. పడవ తెడ్డేసుకునే నడుపుకుంటానండి. మీరొచ్చి ఈ ముద్ద ముట్టండి."

అప్పుడొచ్చింది కాకి. దుబాయ్ కాకులు క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గరే ఉంటాయి. మన దేశం నుంచే ఓడలెక్కి, వీసా లేకుండా దిగిన జాతి అంటారు. అది గోడ మీద వాలి, మెడ వంచి పెద్దాయనకేసి చూసింది. కిందికి దూకి మూతల వరస వెంట ముదీర్‌లా నడిచింది. మొదటి మూత వదిలేసింది. రెండోదీ వదిలేసింది. ఆరోదాని దగ్గర ఆగి, చేపముక్క లాగి, ముద్దను పొడిచి, దారికి అడ్డమొచ్చిన గవ్వను ముక్కుతో పక్కకు విసిరికొట్టింది. ఆ గవ్వ దొర్లుకుంటూ వచ్చి అన్న కాలి దగ్గర ఆగింది. ఇంకోసారి ఒట్టేయమన్నా వేస్తాను.

అన్న నేల మీద కూలబడి ఏడ్చాడు. బావ కూడా ముక్కు తుడుచుకుని, "మైలయితది, దాన్ని నేను ముట్ట" అన్నాడు.

మేకు గుంటలు పూడ్చడానికి నేను వాడే చెక్కపొడికి జిగురు కలిపి, ఎర్ర ఇటుక నూరి రంగు తెచ్చాను. కన్ను కూర్చింది మాత్రం అన్నే. అద్దం చుట్టినంత మెల్లగా కూర్చాడు.

శనివారం ముగ్గురం పికప్‌లో పోయాం, ముందు ముదీర్ కారు. మేడమ్ గుడ్డ విప్పి, ముఖాన్ని కిటికీ వెలుగుకు తిప్పి చూసింది. "చూపు మారింది" అంది.

ముదీర్ అన్నకేసి చూశాడు.

"ఇన్నాళ్లూ నన్ను కోపంగా చూసేవాడు. ఇప్పుడలా లేదు" అని, ఆమె కాగితం మీద సంతకం పెట్టేసింది.

తప్పించుకున్నాం, యల్లా, ఇక పోదాం అనుకుని నేను గుమ్మం దాటాను. అన్న కదల్లేదు. నన్ను వెనక్కి పిలిచి, ఏడాదికోసారి ఈయన ముందు ఇంత అన్నం పెట్టమని ఆమెకు చెప్పమన్నాడు. ఏ రోజు పెట్టాలని ఆమె అడిగింది. పోయిన తిథి తెలియనివాళ్లకు పెత్రమాస నాడు పెడతరు అన్నాడు అన్న. దసరాకు ముందు చందమామ కనపడని రోజని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి. ఆమె తలూపింది. ముదీర్ గడియారం చూసుకున్నాడు.

మంగళవారం అన్న వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో కూడా అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. రెండు నెలలకు తిరిగొచ్చి, పెట్టె కింద పెట్టకముందే నా భుజం పట్టుకున్నాడు. "తమ్మీ, ముద్ద పెట్టి ఇట్ల వెనక్కి జరుగలే, ముట్టింది. ఒకటి కాదు, మూడు కాకులు. ఊరంత చూసిన్రు" అన్నాడు. ఆ తర్వాత అతను పైకప్పుకేసి తలెత్తగా నేను చూడలేదు.

ఇక ఒట్టు సంగతి. మీకు కాకి మీద అనుమానం, నాకు తెలుసు. కాకి నిజం. ఆరో మూత నిజం. ఇంజను వెనక్కిస్తానని నేను ఒంటికన్ను పెద్దాయనకు మాటివ్వడమూ నిజం. బావ ఇప్పటికీ ఆ ఏడు గవ్వలతోనే ఆడుతున్నాడు, వెళ్లి అడగండి.

నేను కల్పించింది ఒక్క ముక్కే. అన్న తిరిగి రాలేదు. రెండు నెలలకు కాదు, ఎప్పటికీ రాలేదు. సెలవు అయిపోయింది, వీసా అయిపోయింది, అతని మంచం మీద ఇంకెవడో పడుకున్నాడు. నా భుజం ఎవరూ పట్టుకోలేదు. ఆ మూడు కాకుల్ని అక్కడికి తోలింది నేనే. జగిత్యాల బస్సెక్కి ఆ ఊళ్లో దిగి, ఆ రోజు పిట్ట ముట్టిందా లేదా అని అడిగితే ఎవరైనా చెప్తారు. నేను వెళ్లలేదు. వెళ్లి అడిగితే ఒక జవాబే ఉంటుంది, అడగనంతకాలం ముట్టిందని చెప్పుకోవచ్చు. ఏ పైకప్పు మీద కాకి అరిచినా, తలెత్తి చూసేది ఇప్పుడు నేను.